ఒడిశా లోక్‌సభ ఫలితాలు 2024: సరిహద్దు జిల్లాల తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

2024 జూన్ 4న ఆంధ్రప్రదేశ్ ఫలితాలూ ఒడిశా ఫలితాలూ ఒకేరోజు వచ్చాయి. తెలుగు చానళ్లన్నీ అమరావతి లెక్కల్లో పడిపోయి, ఒడిశా సంగతి తెర కింద పట్టీలో ఒక ముక్క వేసి వదిలేశాయి. ఒడియా చానళ్లకేమో భువనేశ్వర్, పూరీ, కటక్ దాటి కిందికి చూసే తీరిక లేకపోయింది. మధ్యలో ఉన్న బరంపురం, పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ, జయపురం తెలుగువాళ్లకు తమ ఎంపీ సంగతి వివరంగా చెప్పినవాళ్లు తక్కువ. ఇక్కడివాళ్లు, అటు ఇచ్ఛాపురం, పాతపట్నం, పార్వతీపురం వైపు బంధువులు అడుగుతూ ఉండే ప్రశ్నలకు ఇవీ జవాబులు.

2024లో ఒడిశాలో ఏ పార్టీకి ఎన్ని ఎంపీ సీట్లు వచ్చాయి?

మొత్తం 21. బీజేపీకి 20, కాంగ్రెస్‌కు 1, బిజూ జనతాదళ్ (బీజేడీ)కు సున్నా. ఓట్ల శాతం చూస్తే బీజేపీకి దాదాపు 45.3, బీజేడీకి 37.5, కాంగ్రెస్‌కు 12.5.

అదేరోజు అసెంబ్లీ ఫలితాలూ వచ్చాయి. 147 సీట్లలో బీజేపీ 78, బీజేడీ 51, కాంగ్రెస్ 14, సీపీఎం 1, స్వతంత్రులు 3. జూన్ 12న కేంఝర్ ఎమ్మెల్యే మోహన్ చరణ్ మాఝీ ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. 2000 మార్చి నుంచి ఆ కుర్చీలో ఉన్న నవీన్ పట్నాయక్ దిగిపోయారు.

నూటికి 37 ఓట్లు వచ్చిన పార్టీకి ఒక్క సీటూ రాకపోవడం ఏమిటి? ఎక్కడో మోసం జరిగిందా?

అందరికంటే ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇది. మోసం ఏమీ లేదు. మన పద్ధతే అంత. ప్రతి నియోజకవర్గంలోనూ ఒక్క ఓటు ఎక్కువ వచ్చినా గెలిచినట్టే, రెండోవాడికి వచ్చిన లక్షల ఓట్లు ఎక్కడా లెక్కకు రావు. రాష్ట్రమంతా సమానంగా పరచుకుని, ప్రతిచోటా రెండో స్థానంలో నిలిచిన పార్టీకి ఓట్లు పుష్కలంగా ఉంటాయి, సీట్లు మాత్రం ఉండవు.

బీజేడీకి 2024లో జరిగింది ఇదే. జాజ్‌పూర్‌లో 1,587 ఓట్ల తేడాతో పోయింది. కంధమాల్‌లో 21,371. భువనేశ్వర్‌లో 35,152. బర్గఢ్‌లో మాత్రం రెండున్నర లక్షల తేడా. చిన్న తేడాతో పోయినా పెద్ద తేడాతో పోయినా చివరికి సున్నాయే.

బీజేడీ వాళ్లు ఇది అన్యాయం అంటే మాత్రం నాకు నవ్వొస్తుంది. పదేళ్ల కిందట ఇదే పద్ధతి వాళ్లను నెత్తిన పెట్టుకుంది. 2014లో బీజేడీకి 44 శాతం ఓట్లు, 20 సీట్లు. అప్పుడు కాంగ్రెస్‌కు 26 శాతం వచ్చినా సీటు లేదు. 21.5 శాతం తెచ్చుకున్న బీజేపీకి సుందర్‌గఢ్‌లో ఒకటి దక్కింది. అంటే రెండో పార్టీకి సున్నా, మూడో పార్టీకి ఒకటి. 2024లో బీజేపీ కూర్చున్న చోట 2014లో బీజేడీ కూర్చుంది. శాతాలు కూడా ఇంచుమించు అవే.

కాబట్టి 20-1 అన్న అంకె చూసి ఒడిశా మొత్తం ఒకే పార్టీ వెనక నడిచిందనుకోవద్దు. నూటికి 55 మంది బీజేపీకి వేయలేదు. 2014లో బీజేడీకి వేయనివాళ్లూ నూటికి 56 మంది ఉన్నారు.

అంతకుముందు ఎన్నికల్లో ఎవరికి ఎన్ని?

1996లో కాంగ్రెస్ 16 గెలిచింది. ఆ పార్టీకి ఇక్కడ అదే చివరి మంచి రోజు. 1997 ఏప్రిల్‌లో మాజీ ముఖ్యమంత్రి, నవీన్ తండ్రి బిజూ పట్నాయక్ పోయారు. అదే ఏడాది డిసెంబరులో జనతాదళ్ చీలి ఆయన పేరుమీద బిజూ జనతాదళ్ పుట్టింది. కొత్త పార్టీ బీజేపీతో చేయి కలిపింది.

1998: బీజేడీ 9, బీజేపీ 7, కాంగ్రెస్ 5.
1999: బీజేడీ 10, బీజేపీ 9, కాంగ్రెస్ 2.
2004: బీజేడీ 11, బీజేపీ 7, కాంగ్రెస్ 2, జేఎంఎం (జార్ఖండ్ ముక్తి మోర్చా) 1.
2009: బీజేడీ 14, కాంగ్రెస్ 6, సీపీఐ 1, బీజేపీ 0.
2014: బీజేడీ 20, బీజేపీ 1.
2019: బీజేడీ 12, బీజేపీ 8, కాంగ్రెస్ 1.
2024: బీజేపీ 20, కాంగ్రెస్ 1.

2009 మార్చిలో, ఎన్నికల ముంగిట, నవీన్ బీజేపీని వదిలించుకున్నారు. ఆ ఏడాది బీజేపీకి ఒక్కటీ రాలేదు. సరిగ్గా పదిహేనేళ్లకు ఆ సున్నా బీజేడీ ఇంటికి వచ్చింది.

ప్రాంతాలవారీగా ఎలా ఉంది?

పడమటి ఒడిశా ముందే తిరిగింది. సుందర్‌గఢ్, సంబల్‌పూర్, బర్గఢ్, బొలంగీర్, కలహండి, ఈ అయిదూ 2019లోనే బీజేపీ చేతికి వెళ్లాయి. వాటికి తోడు మయూర్‌భంజ్, బాలాసోర్, భువనేశ్వర్ కలిసి ఎనిమిది. 2024లో ఆ ఎనిమిదీ నిలుపుకుని, బీజేడీ దగ్గరున్న పన్నెండూ పట్టుకుపోయింది. ఒక్కటీ మిగల్చలేదు.

తీరంలో జరిగింది అసలు మార్పు. కటక్, కేంద్రపడా, జగత్‌సింగ్‌పూర్, జాజ్‌పూర్, భద్రక్, పూరీ బీజేడీకి పుట్టినిల్లు లాంటివి. అక్కడ పోవడమంటే మామూలు ఓటమి కాదు. పూరీలో 2019లో 11,714 ఓట్లతో ఓడిన సంబిత్ పాత్రా ఈసారి లక్ష పైచిలుకు ఆధిక్యంతో గెలిచారు. కటక్‌లో పార్టీ మారింది, మనిషి మారలేదు. 1998 నుంచి బీజేడీ ఎంపీగా ఉన్న భర్తృహరి మహతాబ్ మార్చిలో బీజేపీలోకి వెళ్లి, జూన్‌లో మళ్లీ ఎంపీ అయ్యారు. జగత్‌సింగ్‌పూర్‌లో గెలిచిన బిభు ప్రసాద్ తరాయి 2009లో అదే సీటు సీపీఐ తరఫున గెలిచినాయన. ఎర్రజెండా నుంచి కాషాయం దాకా, మధ్యలో కాంగ్రెస్ మీదుగా.

దక్షిణాన అయిదు సీట్లు: కంధమాల్, ఆస్కా, బరంపురం, కొరాపుట్, నవరంగపూర్. వీటిలో నాలుగు బీజేపీవి, ఒకటి కాంగ్రెస్‌ది. ఆంధ్రా సరిహద్దు పొడవునా ఉన్నవి బరంపురం, కొరాపుట్, నవరంగపూర్. పర్లాకిమిడి నుంచి మల్కన్‌గిరి దాకా ఈ మూడింటిలోకే వస్తాయి. కిందివన్నీ వీటి గురించే. ఆస్కా సరిహద్దులో లేకపోయినా గంజాం జిల్లా రాజకీయం ఆస్కా లేకుండా అర్థం కాదు కనుక దాన్నీ కలిపాను.

మాది పర్లాకిమిడి. మా ఎంపీ ఎవరు?

మీది బరంపురం లోక్‌సభ, ఎంపీ బీజేపీకి చెందిన ప్రదీప్ కుమార్ పాణిగ్రాహి. గజపతి జిల్లాలోని పర్లాకిమిడి, మొహనా రెండూ అందులోవే. మిగతా అయిదు అసెంబ్లీ సీట్లు గంజాం జిల్లావి: ఛత్రపురం, గోపాల్‌పూర్, బరంపురం, దిగపహండి, చికిటి.

రాయగడ, గుణుపూర్, బిస్సంకటక్ వాళ్లది కొరాపుట్ లోక్‌సభ. మల్కన్‌గిరి, చిత్రకొండ వాళ్లది నవరంగపూర్. జయపురం కొరాపుట్‌లోకి, పక్కనే ఉన్న కోట్‌పాడ్ నవరంగపూర్‌లోకి వస్తాయి. జిల్లా హద్దుకూ లోక్‌సభ హద్దుకూ పొంతన ఉండదు, వెతుక్కునేటప్పుడు జాగ్రత్త.

బరంపురంలో ఏం జరిగింది?

బీజేపీ అభ్యర్థి ప్రదీప్ కుమార్ పాణిగ్రాహికి 5,13,102 ఓట్లు, బీజేడీ అభ్యర్థి భృగు బక్సిపాత్రకు 3,47,626. ఆధిక్యం 1,65,476.

ఇందులో తమాషా ఒకటుంది. గెలిచిన పాణిగ్రాహి అంతకుముందు బీజేడీ మనిషి, గోపాల్‌పూర్ ఎమ్మెల్యే. 2020లో పార్టీ ఆయన్ను బయటికి పంపింది. ఓడిన బక్సిపాత్ర అంతకుముందు బీజేపీ మనిషి. 2019లో ఇదే బరంపురంలో బీజేపీ గుర్తు మీద పోటీచేసి బీజేడీ చేతిలో ఓడారు. 2024లో ఇద్దరూ కండువాలు మార్చుకుని ఎదురెదురుగా నిలబడ్డారు. 2019లో గెలిచిన బీజేడీ ఎంపీ చంద్రశేఖర్ సాహు 2004లో ఇక్కడి కాంగ్రెస్ ఎంపీ. 2009, 2014లో బీజేడీ ఎంపీగా ఉన్న సినిమా నటుడు సిద్ధాంత్ మహాపాత్ర 2024లో బీజేపీలో చేరి దిగపహండి ఎమ్మెల్యే అయ్యారు. బరంపురంలో పార్టీని చూసి వేశారా, మనిషిని చూసి వేశారా అని ఎవరైనా అడిగితే ఈ వరస చెప్పండి చాలు.

ఏడు అసెంబ్లీ సీట్లలో అయిదు బీజేపీవి. పర్లాకిమిడి బీజేడీకి, మొహనా కాంగ్రెస్‌కు పోయాయి. అంటే గంజాం వైపు ఊళ్లన్నీ ఒక దారి, గజపతి కొండలు వేరే దారి. ఎంపీ ఓటుకు ఆధిక్యం ఇచ్చింది మైదానమే.

పోలింగ్ శాతం సంగతి కూడా చెప్పాలి. రాష్ట్రమంతటా నూటికి 74 మంది ఓటేస్తే, బరంపురం, ఆస్కా రెండూ దానికి బాగా దిగువన ఉన్నాయి. గంజాం నుంచి సూరత్ మిల్లులకు వెళ్లినవాళ్లు ఎంతమందో ఇక్కడ ప్రతి వీధికీ తెలుసు. జాబితాలో పేరు ఇక్కడ, మనిషి గుజరాత్‌లో. మే నెల ఎండలో రైలెక్కి ఓటుకోసం వచ్చేవాళ్లు కొందరే.

పీవీ నరసింహారావు బరంపురం నుంచి గెలిచారని మా తాతగారు అంటారు. నిజమేనా?

నిజమే. 1996లో ఆయన ప్రధానిగా ఉండి నంద్యాలలోనూ బరంపురంలోనూ పోటీచేశారు, రెండుచోట్లా గెలిచారు. నంద్యాల వదులుకుని బరంపురం ఉంచుకున్నారు. నంద్యాల ఉప ఎన్నికలో భూమా నాగిరెడ్డి గెలిచారు. 1996 నుంచి 1998 దాకా బరంపురం ఎంపీ పీవీయే.

ఆయనకు ముందు 1989, 1991లో గెలిచింది పర్లాకిమిడి రాజవంశానికి చెందిన గోపీనాథ్ గజపతి, కాంగ్రెస్ తరఫునే. అప్పట్లో కాంగ్రెస్‌కు అది కంచుకోట. 1998లో జయంతీ పట్నాయక్ గెలిచాక ఆ కోటకు బీటలు పడ్డాయి, 1999లో బీజేపీకి వెళ్లింది.

తాతగారిని ఇంకొకటి కూడా అడగండి. వి.వి. గిరి పుట్టింది బరంపురంలోనే, 1894లో. ఆయన 1952లో లోక్‌సభకు గెలిచింది మాత్రం పాతపట్నం నుంచి. పర్లాకిమిడిలో మహేంద్రతనయ దాటితే పాతపట్నమే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమైనప్పుడు గీసిన గీత ఇక్కడి కుటుంబాలను, ఆస్తులను, చివరికి రాష్ట్రపతి అయినవాళ్ల రాజకీయ జీవితాన్ని కూడా రెండుగా చేసింది.

ఆస్కా బీజేడీకి ఎప్పుడూ పోదంటారు కదా?

అనేవాళ్లు. బిజూ పట్నాయక్ చనిపోయేనాటికి ఆస్కా ఎంపీ. 1997 ఉప ఎన్నికలో నవీన్ రాజకీయం మొదలైంది అక్కడే. 2000 నుంచి ఆయన అసెంబ్లీ సీటు హింజిలి కూడా ఆస్కా లోక్‌సభలోదే. అలాంటి ఆస్కాలో 2024లో బీజేపీ అభ్యర్థి అనితా శుభదర్శిని 99,974 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు.

హింజిలిలో నవీన్ నెగ్గారు గానీ తేడా 4,636. అయిదేళ్ల ముందు అక్కడే ఆధిక్యం 60 వేలకు పైన. పోటీచేసిన రెండో సీటు కాంటాబాంజీలో 16,344 ఓట్లతో ఓడిపోయారు. గంజాం జిల్లాలోని 13 అసెంబ్లీ సీట్లలో బీజేడీకి మిగిలింది హింజిలి ఒక్కటే. సొంత జిల్లా అని చెప్పుకునే చోట ఇదీ పరిస్థితి.

రాష్ట్రమంతా బీజేపీ ఊడ్చేస్తే కొరాపుట్‌లో మాత్రం కాంగ్రెస్ ఎలా గెలిచింది?

స్వల్పంగా కాదు, బాగానే గెలిచింది. సప్తగిరి శంకర్ ఉలకకు 4,71,393 ఓట్లు, బీజేడీ అభ్యర్థి కౌసల్యా హికాకకు 3,23,649. తేడా 1,47,744. బీజేపీ మూడో స్థానంలో ఉంది. 2019లో ఇదే ఇద్దరి మధ్య తేడా 3,613 మాత్రమే. రాష్ట్రంలో కాంగ్రెస్‌కు పడ్డ ఓట్లన్నీ పోగేస్తే సుమారు ఏడో వంతు ఒక్క కొరాపుట్‌వే.

కారణాల్లో మొదటిది పాత అలవాటు. గిరిధర్ గమాంగ్ 1972 నుంచి 1998 దాకా వరసగా ఇక్కడి ఎంపీ. 1999లో ఆయన భార్య హేమ, 2004లో మళ్లీ ఆయన. బీజేడీ పదేళ్లు, అంటే 2009, 2014లో మాత్రమే ఈ సీటు పట్టుకోగలిగింది. సప్తగిరి ఉలక తండ్రి రామచంద్ర ఉలక కూడా ఈ ప్రాంతపు పాత కాంగ్రెస్ నాయకుడే. కొండ ఊళ్లలో పార్టీ అంటే ఒక కుటుంబం, ఆ కుటుంబానికి తెలిసిన ఊరి పెద్ద. ఆ గొలుసు టీవీ ప్రచారంతో తెగేది కాదు.

రెండోది, బీజేపీ ఇక్కడ బీజేడీకి అసలైన పోటీదారుగా ఎదగలేదు. మిగతా ఒడిశాలో నవీన్ మీద విసిగినవాడు కమలం నొక్కాడు. కొరాపుట్‌లో విసిగినవాడికి చేతికి దగ్గరగా ఉన్నది కాంగ్రెస్. రెండూ ఒకే గాలే, వీచిన దిక్కు వేరు. ఈ లోక్‌సభలోని ఏడు అసెంబ్లీ సీట్లలో ఆరు (గుణుపూర్, బిస్సంకటక్, రాయగడ, లక్ష్మీపూర్, జయపురం, పొట్టంగి) కాంగ్రెస్‌వే. కొరాపుట్ అసెంబ్లీ ఒక్కటే బీజేపీది. రాష్ట్రంలో కాంగ్రెస్ ఎమ్మెల్యేలు 14 మందే అని గుర్తుంచుకుంటే ఈ ఆరు ఎంత బరువో తెలుస్తుంది.

రాయగడ ఎమ్మెల్యే పేరు కడ్రక అప్పలస్వామి. పేరు వినగానే "మనవాడే" అనేవాళ్లుంటారు. ఆ సీటు గిరిజనులకు రిజర్వు అయినది. సింహాచలం అప్పన్న పేరు ఈ కొండల్లో అందరిదీ.

వాజ్‌పేయి ప్రభుత్వాన్ని ఒక్క ఓటుతో పడగొట్టింది ఈ గమాంగేనా?

ఆయనే. 1999 ఫిబ్రవరిలో ఒడిశా ముఖ్యమంత్రి అయ్యారు, ఎంపీ పదవికి ఇంకా రాజీనామా చేయలేదు. ఏప్రిల్ 17న లోక్‌సభకు వెళ్లి ఓటేశారు. 269-270తో ప్రభుత్వం పడిపోయింది. ఒక్క ఓటు అన్న మాట ఆయనకు అంటుకుపోయింది గానీ, అటు పడిన 270 ఓట్లలో ప్రతి ఒక్కటీ ఆ ఒక్క ఓటే కదా.

2015లో ఆయనే బీజేపీలో చేరారు. 2023 జనవరిలో హైదరాబాద్ వెళ్లి కేసీఆర్ సమక్షంలో భారత రాష్ట్ర సమితి కండువా కప్పుకున్నారు. ఏడాది తిరక్కుండానే, 2024 జనవరిలో మళ్లీ కాంగ్రెస్.

అయితే ఆంధ్ర, తెలంగాణ పార్టీలకు ఇక్కడ ఏమైనా బలం ఉందా?

లేదు. బీఆర్ఎస్ ప్రయత్నం పైన చెప్పిన దగ్గరే ఆగిపోయింది. తెలుగుదేశం, వైఎస్సార్ కాంగ్రెస్ అభిమానులు ఇక్కడి ప్రతి తెలుగు వీధిలోనూ ఉన్నారు, చంద్రబాబు, జగన్ల మీద వాదించుకుంటూ రాత్రిళ్లు గడుపుతారు. ఓటు దగ్గరికి వచ్చేసరికి అది శంఖమో (బీజేడీ గుర్తు) కమలమో చెయ్యో.

నవరంగపూర్ ఫలితం?

బీజేపీ అభ్యర్థి బలభద్ర మాఝీ బీజేడీ అభ్యర్థి ప్రదీప్ మాఝీని ఓడించారు. వీళ్లిద్దరూ 2014లోనూ తలపడ్డారు. అప్పుడు బలభద్ర బీజేడీ, ప్రదీప్ కాంగ్రెస్. తేడా 2,042 ఓట్లు. పదేళ్లలో ఇద్దరూ పార్టీ మారారు, ఫలితం మాత్రం మారలేదు.

ఆ 2014 ఎన్నికలో ఇక్కడ నోటాకు (అభ్యర్థుల్లో ఎవరూ వద్దనే మీటకు) పడినవి 44 వేలకు పైగా. గెలుపు తేడాకు ఇరవై రెట్లు. 2019లో కొరాపుట్‌లోనూ అంతే, తేడా 3,613 అయితే నోటా 36 వేలకు పైగా. మల్కన్‌గిరి, కొరాపుట్ ఊళ్లలో ఇంతమంది నోటా ఎందుకు నొక్కుతారో రకరకాలుగా చెబుతారు: విసుగని, యంత్రం మీద ఆఖరి మీట కనుక పొరపాటున నొక్కుతారని. విసుగే ఎక్కువని నా అభిప్రాయం. దారీ నీళ్లూ లేని ఊరివాడు మైళ్లు నడిచి వెళ్లి ఆఖరి మీట నొక్కి వచ్చాడంటే దాన్ని తెలియనితనం అనడం మనకే చిన్నతనం. నోటాకు ఎన్ని పడినా, అభ్యర్థుల్లో ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్లే గెలిచినట్టు.

కొటియా వాళ్లు రెండు రాష్ట్రాల్లోనూ ఓటేస్తారట, ఎలా?

కొటియా చుట్టుపక్కల 21 ఊళ్ల మీద ఒడిశాకూ ఆంధ్రకూ తగాదా ఉంది. ఒడిశా లెక్కలో అది కొరాపుట్ జిల్లా పొట్టంగి బ్లాకు. ఆంధ్ర లెక్కలో సాలూరు నియోజకవర్గం, ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లా. 1968లో ఒడిశా సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2006లో కోర్టు సాంకేతిక కారణాలతో దావా కొట్టేసింది, ఉన్నది ఉన్నట్టు ఉంచమంది. తగాదా తెగలేదు.

చాలామంది దగ్గర రెండు రాష్ట్రాల ఓటరు కార్డులూ, రెండు రేషన్ కార్డులూ ఉన్నాయి. 2019లో ఏప్రిల్ 11న, 2024లో మే 13న, కొరాపుట్‌కూ ఆంధ్రకూ పోలింగ్ ఒకేరోజు పడింది. పొద్దున ఒకవైపు కొరాపుట్ ఎంపీకి, తర్వాత ఇంకోవైపు అరకు ఎంపీకి ఓటేసి వచ్చిన సంగతి పత్రికల్లోనూ వచ్చింది. 2024లో ఆ రెండు ఓట్లూ రెండు వేర్వేరు లెక్కల్లో కలిశాయి: కొరాపుట్‌లో కాంగ్రెస్, అరకులో వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి గుమ్మా తనూజారాణి.

ఎవరు రోడ్డు వేస్తే వాళ్లకు ఓటు, ఇద్దరూ వేస్తే ఇద్దరికీ. ఆ ఊళ్లలో వినిపించే తర్కం ఇదే. రెండు ప్రభుత్వాలూ పోటీపడి పథకాలు తెచ్చి పంచుతుంటే ఒక కార్డు పారేయమని కొండవాళ్లకు చెప్పడానికి మనకు నోరెలా వస్తుంది?

మా కోడలిది ఇచ్ఛాపురం. పెళ్లయి బరంపురం వచ్చింది. అక్కడి ఓటు ఉంచుకుని ఇక్కడ కొత్తది రాయించుకోవచ్చా?

కూడదు. కొటియా సంగతి వేరు, అక్కడ భూమే తగాదాలో ఉంది. మిగతావాళ్లకు చట్టం స్పష్టం. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 17, 18 సెక్షన్ల ప్రకారం ఒక మనిషి పేరు ఒకే నియోజకవర్గంలో, ఒకేసారి ఉండాలి. అబద్ధపు వివరాలిచ్చి పేరు రాయించుకుంటే 31వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు. 1951 చట్టం 62వ సెక్షన్ ఇంకో మాట కూడా అంటుంది: సాధారణ ఎన్నికల్లో రెండు లోక్‌సభ నియోజకవర్గాల్లో ఓటేస్తే రెండూ చెల్లవు.

ఇల్లు మారినవాళ్లు ఫారం 8 ఇస్తే సరిపోతుంది, రాష్ట్రం మారినా అదే. ఫారం 6 మొట్టమొదటిసారి పేరు రాయించుకునేవాళ్లకు. చాలామంది తెలియక ఫారం 6 ఇచ్చి రెండు ఓట్లవాళ్లుగా మిగిలిపోతున్నారు. ఎవరిదైనా పేరు తీసేయించాలంటే ఫారం 7.

నవీన్ ఎందుకు ఓడిపోయారు?

ఇరవై నాలుగేళ్లు ఒకే ముఖం. దానికి తోడు ఆ ముఖం కూడా కనిపించడం తగ్గి, పక్కనున్న వి.కె. పాండియన్ ముఖం ఎక్కువ కనిపించడం మొదలైంది. తమిళనాడులో పుట్టిన ఆ ఐఏఎస్ అధికారి 2023లో ఉద్యోగం వదిలి బీజేడీలో చేరారు. ప్రచారమంతా ఆయన చేతిలోనే నడిచింది. బీజేపీ "ఒడియా అస్మిత" (ఒడియా ఆత్మగౌరవం) అంది, పూరీ జగన్నాథుడి గుడి రత్నభాండారం తాళంచెవులు ఏమయ్యాయని అడిగింది. క్వింటాలు ధాన్యానికి 3,100 రూపాయలు, సుభద్ర పేరుతో ఆడవాళ్లకు 50 వేల రూపాయల వోచర్ అంది. నాకు తెలిసి ఊళ్లలో చివరి రెండూ ఎక్కువ పనిచేశాయి.

అస్మిత ప్రచారాన్ని ఇక్కడి తెలుగువాళ్లు కొంచెం ఇబ్బందిగానే విన్నారు. బయటివాడు అన్న మాట ఒకసారి ఊరేగితే ఎవరి గుమ్మం ముందు ఆగుతుందో చెప్పలేం. తరతరాలుగా ఇక్కడే ఉండి, ఒడియా బడిలో చదివి, ఇంకా ఎవరో ఒకరి నోట ఆ మాట పడుతూ ఉండే జనం కదా. ఆ ఇబ్బంది ఓటుదాకా వెళ్లిందా అంటే, బరంపురం పట్నం అంకెల్లో మాత్రం అది కనబడదు.

మరి తెలుగువాళ్లు ఎవరికి వేశారు?

భాషను బట్టి ఓటు లెక్కపెట్టేవాళ్లు ఎవరూ లేరు. "తెలుగు ఓట్లన్నీ మావే" అని ఎవరు చెప్పినా ఊకదంపుడు. 2011 జనాభా లెక్కల్లో ఒడిశాలో తెలుగు మాతృభాషగా రాయించుకున్నవాళ్లు నూటికి ఇద్దరు కూడా లేరు. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ లెక్కల్లో ఒడియా రాయించుకున్నవాళ్లు వేరే. బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, గుణుపూర్ పట్నాల్లో గుంపుగా ఉన్నారు కనుక అసెంబ్లీ అభ్యర్థులు వచ్చి తెలుగులో మాట్లాడి వెళ్తారు. ఎంపీ ఎన్నికలో ఆ సంఖ్య పల్చబడిపోతుంది.

పైన చెప్పిన ఫలితాలే చూడండి. బరంపురం పట్నం బీజేపీ, పర్లాకిమిడి బీజేడీ, రాయగడ, గుణుపూర్ కాంగ్రెస్. తెలుగువాళ్లు ఎక్కువున్న నాలుగు పట్నాలు మూడు పార్టీలకు వెళ్లాయి. వాళ్లంతా పక్క ఇళ్లవాళ్లతో కలిసే ఓటేశారని, ఏ ఊరిగాలి ఆ ఊరివాళ్లకే పట్టిందని నాకనిపిస్తుంది.

ఎంపీకి ఒకరికి, ఎమ్మెల్యేకి ఇంకొకరికి వేసినవాళ్లు ఉన్నారా?

ఉన్నారు, గట్టిగానే. బీజేడీకి లోక్‌సభలో 37.5 శాతం, అసెంబ్లీలో 40.2. బీజేపీకి లోక్‌సభలో 45.3, అసెంబ్లీలో 40.1. ఒకే గదిలో రెండు యంత్రాల ముందు నిలబడి ఒకదానిమీద మోదీని, ఇంకోదానిమీద నవీన్‌ని ఎంచుకున్నవాళ్లు ఈ తేడాలో ఉన్నారు. అసెంబ్లీ ఓట్లలో బీజేడీయే ఒక పిసరు ముందుంది చూడండి. అయినా సీట్లు 51, బీజేపీకి 78.

మా వీధి బూత్‌లో ఎవరికి ఎన్ని పడ్డాయో తెలుసుకోవచ్చా?

తెలుసుకోవచ్చు. ఫారం 20 అని ఉంటుంది, ఒడిశా ముఖ్య ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో పెడతారు. అసెంబ్లీ సెగ్మెంటు వారీగా, ఒక్కో బూత్‌కు ఒక్కో వరస. ముందు ఓటరు జాబితాలో మీ బూత్ నంబరు చూసుకుని, తర్వాత అందులో వెతకండి. లోక్‌సభకూ అసెంబ్లీకీ వేర్వేరు ఫారాలుంటాయి, కలిపి చదవకండి. పోస్టల్ ఓట్లు ఏ బూత్‌లోనూ కలపరు, చివర్లో విడిగా వేస్తారు, అందుకే బూత్‌లన్నీ కూడినా మొత్తం సరిపోదు. 2019 ఫారంతో పోల్చేటప్పుడు బూత్ నంబర్లు మారి ఉండొచ్చు, నంబరు కాకుండా బడి పేరు చూసి పోల్చుకోండి.